చక్రాలపై చిరునామా

* ముంగిళ్లు తగ్గుతున్న పాతబస్తీలో బండే నామఫలకం
* పేరు, పని, ఫోన్ నంబరు స్పష్టంగా కనిపిస్తేనే ఫలితం
* రంగు, అద్దాలు, నంబరు ప్లేటు విషయంలో నిబంధనలు తప్పనిసరి

చార్మినార్: నీటి గొట్టం పగిలినప్పుడో, సంపులో మోటారు మొరాయించినప్పుడో, నడివేసవిలో కూలర్ ఆగిపోయినప్పుడో గృహస్థుకు కావలసింది నమ్మకమైన ఒక పేరు, ఒక ఫోన్ నంబరు. ప్లంబర్లు, ఎలక్ట్రీషియన్లు, ఏసీ మెకానిక్‌లు, రంగుల పని కాంట్రాక్టర్లు, బోరు మరమ్మతుదారులు, షామియానా సరఫరాదారుల ఉపాధి ఆ క్షణంలో ఎవరి పేరు గుర్తుకు వస్తుందన్న దానిపైనే ఆధారపడి ఉంటుంది. ఈ వృత్తుల్లో దుకాణానికి నడిచి వచ్చే వినియోగదారులు తక్కువ. పనివారే ఇంటికి వెళ్లాలి. అందుకే వారి బండి సామగ్రి మోసే వాహనం మాత్రమే కాదు.. వీధివీధికీ తిరిగే నామఫలకం కూడా.

వాహనం వెలుపలి భాగాలపై ముద్రించిన వినైల్ పొరను అంటించడాన్ని వెహికల్ ర్యాపింగ్ అంటారు. బజారు వాడుకలో ఇది ‘స్టిక్కరింగ్’. అక్షరాలను మాత్రమే కత్తిరించి అతికిస్తే అది ‘రేడియం పని’. పేరు రేడియమే గాని, ఆ లోహానికీ దీనికీ ఏ సంబంధమూ లేదు. వెలుతురు పడగానే మెరిసే పొరకు జనం పెట్టుకున్న పేరది. నాలుగు అక్షరాల రేడియం పని నుంచి బండి మొత్తాన్ని కప్పేసే ముద్రణ వరకు ఇప్పుడు అన్ని స్థాయుల్లోనూ ఈ ప్రచారం అందుబాటులో ఉంది. అయితే ఎంత కప్పామన్నది కాదు.. చూసినవారికి ఎంత అర్థమైందన్నదే ఇక్కడ అసలు లెక్క.

గోడ పోయినా పేరు నిలవాలి

పాతబస్తీలో చిరు వ్యాపారి చిరునామా అంటే రోడ్డు మీది ముంగిలి. ఆ ముంగిళ్లు ఇప్పుడు తగ్గుతున్నాయి. ఎంజీబీఎస్ నుంచి చాంద్రాయణగుట్ట వరకు 7.5 కిలోమీటర్ల మెట్రో మార్గానికి 2024 మార్చి 8న ఫలక్‌నుమా వద్ద శంకుస్థాపన జరిగింది. దారుల్‌షిఫా, పురానీ హవేలీ, శాలిబండ, అలియాబాద్ మీదుగా సాగే ఈ మార్గంలో సేకరించిన కట్టడాల తొలగింపు 2025 జనవరిలో మొదలైంది. ఏళ్ల తరబడి ఒకేచోట వేలాడిన బోర్డు ఒక్కరోజులో దిగిపోతే, దానిని గుర్తుగా పెట్టుకుని వచ్చే వినియోగదారుడు దారి తప్పుతాడు. పరిహారం గోడకు అందుతుంది గాని, ఆ గోడ సంపాదించిన గుర్తింపుకు అందదు.

ఎత్తయిన హోర్డింగ్‌లు చిరు వ్యాపారికి ఎన్నడూ అందుబాటులో లేవు. పైగా నేల నుంచి 15 అడుగులకు మించిన ఎత్తులో ప్రకటనలను నిషేధిస్తూ రాష్ట్ర ప్రభుత్వం 2020 ఏప్రిల్‌లో జీవో 68 జారీ చేసింది. స్తంభాలకు, ప్రహరీలకు అంటించే కాగితాలకు అనుమతి ఉండదు, ఆయుష్షూ ఉండదు. ఈ పరిస్థితుల్లో దుకాణం ఎక్కడికి మారినా వెంట వచ్చే బోర్డు బండి ఒక్కటే. దానికి ప్రత్యేకంగా అద్దె చెల్లించనక్కర లేదు. పనికి వెళ్లిన ప్రతిచోటా అది ఇరుగుపొరుగుకు కనిపిస్తుంది. ఒక ఇంట్లో సంపు శుభ్రం చేస్తున్నంతసేపూ ఆ గల్లీలో మరో పది ఇళ్లవారు ఆ పేరు చదువుతారు.

అవసరం చెప్పి రాదు. 2020 అక్టోబరు వరదల్లో అల్‌జుబైల్ కాలనీ, హఫీజ్‌బాబానగర్ వంటి ప్రాంతాల ఇళ్లలోకి నీరు చేరింది. అటువంటి వేళ సంపు తోడేవారు, మోటారు బాగుచేసేవారు, విద్యుత్ తీగలు సరిచూసేవారు ఒక్కసారిగా కావలసి వస్తారు. అంతకు ముందు నెలల తరబడి కళ్లబడిన పేరే అప్పుడు నోట మెదులుతుంది.

కుంచె నుంచి వినైల్ దాకా..

బండిపై పేరు రాయించడం కొత్త సంగతేమీ కాదు. లారీల వెనుక, ఆటోల మీద, నీటి ట్యాంకర్ల పొట్టపై కుంచెతో రాసిన అక్షరాలు దశాబ్దాలుగా ఉన్నాయి. చార్మినార్‌కు సమీపంలోని ఛత్తాబజార్ ముద్రణకు, ఉర్దూ చేతిరాతకు పెట్టింది పేరు. పెళ్లి పత్రికల నుంచి దుకాణాల బోర్డుల వరకు అక్కడి లేఖకుల అక్షరాలు ఊరంతా తిరిగాయి. 2000 తర్వాత ఫ్లెక్సీ ముద్రణ విస్తరించడంతో బోర్డులు రాసే పెయింటర్లకు పని తగ్గింది. ప్లాటర్ యంత్రం అక్షరాలను కత్తిరించడం మొదలుపెట్టాక బండి రాతలూ యంత్రం పాలయ్యాయి.

2005లో టాటా ఏస్ మార్కెట్లోకి రావడం ఈ మార్పును మరింత వేగవంతం చేసింది. ‘ఛోటా హాథీ’గా పేరుపడిన ఈ చిన్న బండి, ట్రాలీ ఆటో ఇరుకు సందుల్లోకీ వెళ్లగలవు. కాంట్రాక్టరుకు సొంత బండి అందుబాటులోకి వచ్చింది. బండి వచ్చాక దానిపై పేరూ వచ్చింది.

యంత్రం రాకతో పని త్వరగా పూర్తవుతోంది గాని ఒక నష్టమూ జరిగింది. కుంచె పట్టిన కళాకారుడు బండి చుట్టూ తిరిగి, ఏ అక్షరం ఎక్కడ ఇముడుతుందో చూసి రాసేవాడు. ఇప్పుడు కంప్యూటరు తెరపై అందంగా కనిపించిన నమూనాను నేరుగా బండికి అంటిస్తున్నారు. తలుపు పిడి దగ్గర ఒక అంకె, ఇంధన మూత దగ్గర ఒక అక్షరం మాయమవుతున్నాయి. ముద్రణకు ముందే బండి ఫొటోపై నమూనాను అమర్చి చూడడం, కొలతలు బండి దగ్గరే టేపుతో తీసుకోవడం ఈ నష్టాన్ని నివారిస్తుంది.

ఉన్న జాగా ఎంత?

టాటా ఏస్ తొట్టి పొడవు సుమారు 2,200 మిల్లీమీటర్లు, పక్క పలకల ఎత్తు 300 మిల్లీమీటర్లు. అంటే ఏడడుగుల పొడవు, ఒక అడుగు ఎత్తు. రాతకు దక్కేది ఒక్కో పక్క దాదాపు ఏడు చదరపు అడుగులే. అందులో పేరు, యజమాని ఫొటో, పది రకాల పనుల జాబితా, రెండు చిరునామాలు, నాలుగు ఫోన్ నంబర్లు ఇరికిస్తే ఏదీ కంటికి ఆనదు.

సైన్‌బోర్డుల రంగంలో స్థూలంగా పాటించే కొలత ఒకటుంది. అంగుళం ఎత్తున్న అక్షరం పది అడుగుల దూరం నుంచి సులువుగా చదవగలిగేలా ఉంటుంది. ముప్ఫై అడుగుల దూరం నుంచి ఫోన్ నంబరు చదవాలంటే అంకెలు కనీసం మూడు అంగుళాలుండాలి. తెలుగుకు ఇంకొంచెం ఎక్కువే కావాలి. ఒత్తులు, గుడులు పైకీ కిందికీ విస్తరిస్తాయి కాబట్టి ఇంగ్లిషు అక్షరానికి సరిపోయిన ఎత్తులో తెలుగు అక్షరం చిన్నబోతుంది.

చెప్పవలసినవి మూడే మాటలు.. ఎవరు, ఏం పని, ఏ నంబరు. తక్కినవన్నీ ఫోన్‌లో మాట్లాడుకోవచ్చు. ముదురు రంగుపై లేతరంగు అక్షరాలు, లేతరంగుపై ముదురు అక్షరాలు ఉంటే ఎండలోనూ, సాయంత్రపు మసక వెలుతురులోనూ కనిపిస్తాయి. ఎరుపుపై నీలం, పసుపుపై తెలుపు వంటి కలయికలు కంటికి అలసట తప్ప సమాచారం ఇవ్వవు.

ఏ భాగంపై ఏముండాలన్నదీ ముఖ్యమే. రద్దీలో వెనుక నిలిచిన వాహనదారుడు అందరికంటే ఎక్కువసేపు చూసేది బండి వెనుక భాగాన్నే. కనుక ఫోన్ నంబరుకు అదే అనువైన చోటు. కానీ తొట్టి వెనుక పలక దించితే రాత తలకిందులవుతుంది. పైపులు, నిచ్చెనలు బయటికి వేలాడితే కనిపించదు. అందుకే నంబరు రెండు పక్కలా కూడా ఉండాలి. ఇరుకు గల్లీల్లో గోడలకు, ఆటోలకు ఒరుసుకునే కింది అంచులో మాత్రం ఉండకూడదు. మొదట చెరిగిపోయేది అక్కడే.

మూడు భాషల మేళవింపు

పాతబస్తీలో ఒక్క భాషతో పని జరగదు. ఉర్దూ, తెలుగు, ఇంగ్లిషు మూడూ కావాలి. 2017 నవంబరులో తెలంగాణ ప్రభుత్వం ఉర్దూను రాష్ట్రమంతటా రెండో అధికార భాషగా ప్రకటించింది. అయితే మూడు భాషల్లోనూ అన్నీ రాస్తే జాగా చాలదు. పేరు మూడు భాషల్లో, పని ఎక్కువమంది వినియోగదారులు చదివే భాషలో, నంబరు అందరికీ తెలిసిన అంకెల్లో ఉంచడం మేలైన మార్గం. కుళాయి, ఫ్యాను, రంగుల డబ్బా వంటి ఒక్క బొమ్మ చదువురాని వారికీ పని ఏమిటో చెబుతుంది.

ఇక్కడ ఒక చిన్న కిటుకుంది. బండికి ఎడమ పక్కన నిలిచి చూసేవారికి దాని ముందు భాగం ఎడమ చేతి వైపున ఉంటుంది. బండి కదిలితే వాక్యం ఎడమ కొసే ముందు కంటబడుతుంది. ఎడమ నుంచి కుడికి సాగే తెలుగుకు ఇది అనుకూలం. కుడి పక్కన నిలిచేవారికి ముందు భాగం కుడి చేతి వైపున ఉంటుంది. కుడి నుంచి ఎడమకు సాగే ఉర్దూ అక్కడ సహజంగా ఇముడుతుంది. ఎడమ పలకపై తెలుగుకు, కుడి పలకపై ఉర్దూకు పెద్దపీట వేసి, రెండో భాషను చిన్నగా చేర్చితే ఏడు చదరపు అడుగులూ సార్థకమవుతాయి.

అక్షర దోషాలు మరో ఇబ్బంది. తెలుగు, ఉర్దూ ఫాంట్లు ఒక కంప్యూటరులో సరిగా ఉండి, మరో కంప్యూటరులో తెరవగానే చెల్లాచెదురు కావడం ముద్రణాలయాల్లో నిత్యానుభవం. ఫైలు పంపే ముందు అక్షరాలను గీతలుగా మార్చి ఇవ్వమని అడగాలి. ముద్రణకు ముందు ఆ భాష చదవగలిగిన వారితో కాగితంపై సరిచూయించాలి. ఫోన్ నంబరును తెరపై చూసి ఊరుకోకుండా, నమూనా కాగితం చూస్తూ ఆ నంబరుకు ఫోన్ చేసి నిర్ధారించుకోవాలి. తప్పు అంకెతో తిరిగే బండి వేరొకరి ఇంట్లో ఫోన్ మోగిస్తుంది.

పొరల్లో తేడా తెలుసుకోవాలి

వినైల్ పొరలు ప్రధానంగా రెండు రకాలు. ముడి పదార్థాన్ని రోలర్ల మధ్య నొక్కి సాగదీసి తయారుచేసేది క్యాలండర్డ్ పొర. ఇది సాధారణంగా 75 నుంచి 100 మైక్రాన్ల మందం ఉంటుంది. ధర తక్కువ. చదునైన పలకలకు చాలు. కానీ సాగదీసిన పదార్థం గనుక వేడికి మెల్లగా ముడుచుకుంటుంది, అంచులు లేస్తాయి. ద్రవంగా పోసి ఆరబెట్టి తయారుచేసేది కాస్ట్ పొర. మందం సుమారు 50 మైక్రాన్లే అయినా వంపుల్లో చక్కగా ఒదుగుతుంది, ఎక్కువ కాలం నిలుస్తుంది. ధర కూడా ఎక్కువే. తొట్టి పలకలకు మొదటి రకం, వంపులున్న వ్యాను, కారు వంటి వాటికి రెండో రకం అనుకూలం.

ముద్రించిన వెంటనే అంటించడం సరికాదు. సాల్వెంట్ సిరాలోని ద్రావణి ఆవిరయ్యేందుకు కనీసం ఒక రోజు ఆరనివ్వాలి. ఆపై పారదర్శకమైన లామినేషన్ పొర వేయాలి. ఎండ, గీతల నుంచి సిరాను కాపాడేది అదే. అంటించే ముందు బండిపై మట్టి, నూనె, మైనం పూర్తిగా తొలగించాలి. తుప్పు పట్టిన చోట, పెచ్చులూడే పెయింటుపై ఏ పొరా నిలవదు. తీసేటప్పుడు పాత పెయింటును కూడా పీక్కుని వస్తుంది.

ఎండ నేరుగా పడే పైకప్పు, బానెట్‌పై పొర తొందరగా వెలిసిపోతుంది. నిలువు పక్కలపై ఎక్కువ కాలం మన్నుతుంది. చదివేవారు ఉండేదీ పక్కలనే కాబట్టి పైకప్పుపై ఖర్చు వృథా. అధిక పీడనంతో నీళ్లు కొట్టి కడిగేటప్పుడు గొట్టాన్ని పొర అంచులకు దగ్గరగా పెట్టరాదు. వెలిసిన పొరను ఏళ్ల తరబడి వదిలేస్తే ముక్కలుముక్కలుగా విరిగి జిగురు మిగిలిపోతుంది. సకాలంలో వేడిగాలితో మెత్తబరచి తీయించుకోవడం మంచిది.

చట్టం ఏం చెబుతోంది?

బండిపై పేరు రాయడాన్ని చట్టం అడ్డుకోదు. సరికదా, కొన్ని వాహనాలకు రాయాలనే చెబుతోంది. 1988 నాటి మోటారు వాహనాల చట్టంలోని 84వ సెక్షన్ ప్రకారం పర్మిట్ ఉన్న వాహనానికి రెండు పక్కలా నిర్వాహకుని పేరు, చిరునామా ఉండాలి. అవి బండి రంగుకు స్పష్టంగా భిన్నమైన రంగులో, పెద్ద అక్షరాలతో, కిటికీ గీత కింద వీలైనంత ఎత్తున ఉండాలి. మంచి ప్రకటనకు కావలసిన లక్షణాలన్నీ ఈ నిబంధనలోనే ఇమిడి ఉన్నాయి. స్థూల బరువు 3,000 కిలోలు మించని సరకు వాహనాలకు 66వ సెక్షన్ కింద పర్మిట్ మినహాయింపు ఉంది. ఛోటా హాథీలు దీని పరిధిలోకి వస్తాయి. అయినా ఈ పద్ధతి వాటికీ ఆదర్శమే.

జాగ్రత్త పడవలసిన అంశాలు మరికొన్ని ఉన్నాయి. ఆర్‌సీలో నమోదైన రంగు కనిపించకుండా బండి మొత్తాన్ని మరో రంగు పొరతో కప్పితే నమోదైన వివరాలకూ, కంటికి కనిపించేదానికీ పొంతన ఉండదు. వాహనాల మార్పులను 52వ సెక్షన్ నియంత్రిస్తుంది. రంగు మారేలా ర్యాపింగ్ చేయించదలచిన వారు ముందుగా ఆర్టీఏ కార్యాలయంలో సంప్రదించాలి. తలుపులు, పలకల వరకే పరిమితమైన పాక్షిక ర్యాపింగ్‌లో అసలు రంగు కనిపిస్తూనే ఉంటుంది. ఖర్చు కూడా తగ్గుతుంది.

అద్దాలపై ప్రకటనలు వద్దు. ముందు, వెనుక అద్దాల గుండా 70 శాతం, పక్క అద్దాల గుండా 50 శాతం వెలుతురు ప్రసరించాలన్నది కేంద్ర మోటారు వాహనాల నిబంధనల్లోని ప్రమాణం. కార్ల అద్దాలకు నల్ల ఫిల్ములు అంటించడాన్ని సుప్రీంకోర్టు 2012 ఏప్రిల్ 27న తప్పుపట్టింది. బస్సు అద్దాలపై చూసిన చిల్లుల పొరను బండి అద్దాలకు అంటించమని అడిగితే చిక్కులు కొనితెచ్చుకున్నట్లే. నంబరు ప్లేటు, దీపాలు, రిఫ్లెక్టర్లు, రిఫ్లెక్టివ్ టేపులపైకి పొర రాకూడదు. ఇతరుల వ్యాపార ప్రకటనలను అద్దెకు మోయదలిస్తే ముందుగా నగరపాలక సంస్థ, రవాణా శాఖల అనుమతుల సంగతి తెలుసుకోవాలి.

లేని హోదాలు రాయించుకోవడం మరింత ప్రమాదకరం. ప్రభుత్వ చిహ్నాలు, జలమండలి గుర్తు, పేరున్న ఏసీ కంపెనీల లోగోలు అనుమతి లేకుండా వాడరాదు. లైసెన్సు లేకుండా ‘లైసెన్స్‌డ్ ఎలక్ట్రికల్ కాంట్రాక్టర్’ అని, ఒప్పందం లేకుండా ‘అధీకృత సర్వీస్ సెంటర్’ అని రాయడం వినియోగదారుణ్ని తప్పుదోవ పట్టించడమే. 2019 నాటి వినియోగదారుల రక్షణ చట్టం కింద తప్పుదోవ పట్టించే ప్రకటనలకు రూ.10 లక్షల వరకు జరిమానా విధించే అధికారం కేంద్ర వినియోగదారుల రక్షణ ప్రాధికార సంస్థకు ఉంది.

ఖర్చుకు లెక్క ఉండాలి

ర్యాపింగ్ ధరను చదరపు అడుగుల్లో చెబుతారు. బేరమాడే ముందు పొర రకం, లామినేషన్, అంటించే కూలి, పాత స్టిక్కర్ తొలగింపు ఆ ధరలో కలిసి ఉన్నాయో లేదో విడివిడిగా అడిగి, బిల్లుపై రాయించుకోవాలి. ఉదాహరణకు రూ.12 వేలు ఖర్చయి, మూడేళ్లు నిలిచిందనుకుంటే నెలకు పడేది దాదాపు రూ.333. సగం ధరకే చేయించినది ఏడాదికే ఊడిపోతే నెలకు రూ.500 పడుతుంది. చవకైనది ఏదో మొత్తం ధర చెప్పదు, నెలసరి లెక్క చెబుతుంది.

ఫలితం కొలవడం కూడా కష్టం కాదు. ఫోన్ చేసిన ప్రతి ఒక్కరినీ ‘మా నంబరు ఎక్కడ చూశారు’ అని అడిగి నోటు పుస్తకంలో రాసుకోవాలి. లేదా బండిపై మాత్రమే కనిపించే ప్రత్యేక నంబరు ఒకటి కేటాయించుకోవాలి. మూడు నెలల్లో ఎన్ని ఫోన్లు వచ్చాయి, ఎన్ని పనులు కుదిరాయన్నది తేలిపోతుంది. నంబరు మాత్రం మార్చకూడదు. 2011 జనవరి నుంచి దేశమంతటా నంబరు మార్చకుండానే కంపెనీ మారే వెసులుబాటు ఉంది. క్యూఆర్ కోడ్ ఆగి ఉన్న బండిపై చదునైన చోట మాత్రమే పనికొస్తుంది. కదిలే బండిపై నంబరే ఆధారం.

పేరుతోపాటే పూచీ

గృహ సేవల్లో అపరిచితుడు ఇంట్లోకి అడుగుపెడతాడు. మగవారు పనికి వెళ్లిన వేళల్లో ఇంట్లో మహిళలు, వృద్ధులే ఉంటారు. వాకిట్లో నిలిచిన బండిపై పేరు, నంబరు ఉంటే వచ్చినవారెవరో గల్లీకి తెలుస్తుంది. పని చెడితే ఎవరిని అడగాలో తెలుస్తుంది. అయితే వినియోగదారులు స్టిక్కర్‌ను చూసి మాత్రమే నమ్మేయరాదు. ఇంటికి పిలిచే ముందు ఆ నంబరుకే ఫోన్ చేసి పనివారి పేరు నిర్ధారించుకోవాలి. విద్యుత్ పనులకు లైసెన్సు చూపించమని అడగాలి. పని పూర్తయ్యాక బిల్లు తీసుకోవాలి.

పేరు మోసే బండికి నడత కూడా ముఖ్యమే. గల్లీకి అడ్డంగా నిలిపినా, ఎదురు దారిలో దూసుకొచ్చినా, అర్ధరాత్రి హారన్ మోగించినా ఆ నంబరు అందరూ చదువుతారు. పేరులేని బండి చేసిన తప్పు మరునాటికి మరుపున పడుతుంది. పేరున్న బండి చేసిన తప్పు ఆ పేరుతోనే చెప్పుకుంటారు. కనుక స్టిక్కర్ వేయించే ముందే డ్రైవరుకు ఈ సంగతి విడమరచి చెప్పడం యజమాని బాధ్యత.

వెరసి చిరు కాంట్రాక్టరుకు బండి మొత్తం రంగులతో నింపవలసిన అవసరం లేదు. రెండు పక్కలా, వెనుకా స్పష్టమైన మూడు మాటలు చాలు. ముంగిలి ఉన్నవారికి అది మరో బోర్డు. రోడ్డు విస్తరణలో ముంగిలి పోగొట్టుకున్నవారికి అదే చిరునామా.